మంచినీళ్ళమెట్ట: సున్నం పూయని గోడ

పూర్వం ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, చుట్టూ చౌడు నేల పరచుకున్న ఒక చిన్న మెట్ట మీద, బాలశౌరి అనే తాపీమేస్త్రి ఉండేవాడు. ఆయన పనిలోకి దిగిన నాటికి ఆయన ఆస్తి మొత్తం ఒక తాపీ, ఒక మట్టపు దారం, రెండు చేతులు. ఎంత గోడకు ఎంత సున్నం పడుతుందో, ఎంత ఇసుక కలపాలో చూపుతోనే లెక్క కట్టగల నేర్పు దానికి తోడు. ఆ నేర్పుతోనే ఆయన పదిమందికి పని చూపే పెద్దమేస్త్రి అయ్యాడు. ఆ రోజుల్లో ఆ మెట్టను చౌడుమెట్ట అనేవారు. అక్కడ ఎక్కడ తవ్వినా ఉప్పునీరే పడేది. తాగే నీటి కోసం ఆడవాళ్ళు పొలాల గట్ల వెంట పొరుగూరి చెరువుకు పోయి కుండలతో మోసుకునేవారు.

ఆ మెట్ట మీది క్రైస్తవులు తమకొక దేవాలయం కావాలని తలచి, విచారణ అని పిలిచే దూరపు గురుమండలం నుండి అప్పుడప్పుడు వచ్చే ఇన్యాసి గురువుగారి అనుమతి పొంది, పనిని బాలశౌరికి అప్పగించారు. గానుగ సున్నానికి ఉప్పునీరు తగిలితే గోడకు చౌడెక్కుతుందనీ, ఆ చౌడు ఎన్ని పూతలు వేసినా పైకి పూస్తూనే ఉంటుందనీ ఆ తీరంలో అందరికీ తెలుసు. అందుచేత దేవాలయం పూర్తయ్యేవరకు ప్రతి ఇల్లూ తాను తాగే నీటిలో నుండి రోజుకొక కుండ సున్నానికి ఇవ్వాలని మొక్కుకున్నారు. దానిని కుండమొక్కు అన్నారు. ఆ ఏడు వానలు లేవు. తల్లులు పిల్లలకు గుక్కలు లెక్కపెట్టి పోస్తూ కూడా ఆ కుండ తప్పించలేదు. కుంటికాలితో అందరి వెనుక నడిచే తెరేజమ్మ అనే విధవరాలు సైతం తన కుండను పొద్దెక్కాకనైనా తెచ్చి సున్నపు తొట్టి పక్కన దించేది.

అదే కాలంలో బాలశౌరి మెట్టకు పడమటి కొసన తనకొక ఇల్లు కట్టుకుంటున్నాడు. దేవుని ఇంటికని వచ్చిన మంచినీటిని ఆయన మొదట ఒక పూటకు తన ఇంటికి మళ్ళించాడు. రేపు సరిచేస్తాననుకున్నాడు. రేపు కూడా అలాగే గడిచింది. క్రీస్తు తిరిగి లేచిన పాస్కా పండుగకు దేవాలయం నిలబెడతానని మాట ఇచ్చి ఉన్నందున, ఆ లోటును ఉప్పుటేటి నీటితో పూడ్చాడు. తూర్పు గోడంతా ఆ నీటితోనే లేచింది. తెల్లని పూత వేసిన నాడు ఆ గోడా, ఆయన ఇంటి గోడా ఒక్కలాగే మెరిశాయి; చూసినవారు బాలశౌరి చేతిని పొగిడారు, ఆయన తల వంచుకుని ఆ పొగడ్తను స్వీకరించాడు.

పండుగ గడిచి, మొదటి తేమగాలి తిరిగేసరికి తూర్పు గోడ పొక్కింది. పూత పెచ్చులుగా రాలి, కింద నుండి పిండిలాంటి చౌడు పూసింది. ఊరివారు గుమిగూడి కారణం అడిగినప్పుడు బాలశౌరి నేల చూస్తూ, "ఏ కుండలోనో ఏటి నీళ్ళు వచ్చి ఉంటాయి" అన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది.

"తెరేజమ్మకు చెరువు దూరం, ఏరు దగ్గర. కాలు కుంటిదే గానీ బుర్ర కుంటిది కాదుగా" అని ఒక ఆమె అంటే, "అందుకే కాబోలు కుండ ఎప్పుడూ ఆలస్యం" అని మరొకామె అందుకుంది. తెరేజమ్మ ఒట్టు పెట్టుకోలేదు, ఏడవలేదు. బాలశౌరి ముఖం వైపు ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. గోడ బాగుచేతకు అందరూ మళ్ళీ కుండలు తెచ్చినా, ఆనాటి నుండి ఆమె కుండను మాత్రం తొట్టి దగ్గరకు రానివ్వలేదు. ప్రార్థనకు వస్తే గడప బయటే కూర్చునేది. ఒక్క మాటతో ఆమెను లోపలికి పిలవగలవాడు బాలశౌరి ఒక్కడే. ఆ మాట ఆయన నోట రాలేదు.

దానికి బదులు ఆయన గోడకు సున్నం పూశాడు. రాలింది. మళ్ళీ పూశాడు. దేవాలయానికి గంట చేయించి ఇచ్చాడు, శుక్రవారాలు ఉపవాసం ఉన్నాడు, మోకాళ్ళ మీద మెట్లెక్కాడు. గోడ మాత్రం ప్రతి పూతనూ కొన్నాళ్ళు మోసి కింద పడవేసేది. పడమటి కొసన ఆయన ఇల్లు మల్లెపువ్వులా ఉండేది. ఆ తెలుపు చూసినప్పుడల్లా ఆయనకు అన్నం సహించేది కాదు.

మరుసటి ఏడు, పాస్కాకు ముందు నలభై రోజుల తపసు కాలం మొదలయ్యే విభూది బుధవారానికి ఇన్యాసి గురువుగారు వచ్చారు. బాలశౌరి గురువు ఎదుట తప్పులు చెప్పుకునే పాపసంకీర్తనం చేసి కోపమని, బద్ధకమని చిన్నచిన్నవి చెప్పి లేచాడు. లేచినవాడు పోలేదు. "స్వామీ, ఈ గోడ మీద ఒకసారి తీర్థం చల్లండి" అని వేడుకున్నాడు.

"చల్లుతాను. నాకు నీ పని తెలియదు గనుక ఒకటి అడుగుతాను. చౌడెక్కిన గోడకు మేస్త్రులు సున్నం పూస్తారా?"

"పూయకూడదు స్వామీ. పూత కొట్టేసి రాయిని బయటపెట్టాలి."

"ఆ పైన?"

"మంచినీళ్ళతో కడగాలి," అని బాలశౌరి ఆగిపోయాడు. తన నోటి మాట తన చెవికే తగిలి, దాచినదంతా చెప్పాడు.

ఆ ఆదివారం ఆయన సభ ముందు నిలబడి, ఆ నీళ్ళు తన ఇంటి గోడ తాగిందని, తెరేజమ్మ కుండలో ఉప్పు లేదని ఒప్పుకున్నాడు. తరువాత ఆమె గుడిసెకు వెళ్ళి వాకిట నిలబడ్డాడు.

"నన్ను మన్నించు తెరేజా."

"మన్నింపు సంగతి దేవుడు నాకు నేర్పాలి బావా, ఇంకా రాలేదు," అన్నది ఆమె. "నా కుండ పెరట్లో బోర్లించి ఉంది. బోర్లించినవాళ్ళే తిప్పాలి."

బాలశౌరి ఆ కుండను తిప్పి, కడిగి, తలకెత్తుకుని చెరువుకు నడిచాడు. మగవాడు నీళ్ళకుండ మోయడం ఆ మెట్ట మీద ఎవరూ చూసి ఉండలేదు. "మేస్త్రీ, నెత్తి మీద చుట్టకుదురు మరిచావు, మట్టపు దారం పట్టి చూసుకో, కుండ వాలుతోంది" అని గట్టు మీది ఆడవాళ్ళు నవ్వారు. నీళ్ళు మెడ మీదుగా కారుతుంటే ఆయన నడుస్తూనే ఉన్నాడు.

తపసు కాలమంతా ఆయన తూర్పు గోడ పూతను తన చేతులతోనే కొట్టి, పునాది దాకా తవ్వి, తెరేజమ్మ కుండతో తెచ్చిన నీటితో రాళ్ళను కడిగాడు. కడిగినకొద్దీ లోపలి చౌడు పైకి వచ్చింది. పొద్దున తుడిచిన రాయి సాయంత్రానికి తెల్లబడేది. పండుగ దగ్గర పడి గురువుగారు మళ్ళీ వచ్చినప్పుడు బాలశౌరి కుండ దించి, "గురువుగారూ, ఇది నా చేతికి లొంగదు" అన్నాడు.

"లొంగదు నాయనా," అన్నారు ఇన్యాసి గురువుగారు. "చౌడు కలిపిన చేతికే దాన్ని తీసే శక్తి ఉంటే మనకు రక్షకుడు దేనికి? నువ్వు గోడను తెరిచావు. అంతవరకే మనిషి పని. ఇక దాన్ని మూయకుండా ఉండు."

క్రీస్తు సిలువనెక్కిన పవిత్ర శుక్రవారం మధ్యాహ్నం జనం సిలువ మార్గం నడుస్తుండగా, వానకారు కాని ఆ కాలంలో సముద్రం మీద మబ్బు లేచింది. తూర్పు గాలి వానను ఏటవాలుగా తెచ్చి, తెరిచి ఉన్న ఆ గోడనే వెతికినట్టు కొట్టింది. జనం లోపలికి పరుగెత్తారు. నింద తొలగినా ఇంకా గడప బయటే కూర్చున్న తెరేజమ్మ చేయి పట్టి బాలశౌరి లోపలికి తెచ్చాడు. వాన వెలిసి చూస్తే రాళ్ళు నల్లగా, నున్నగా ఉన్నాయి. పునాది కోసం తవ్విన గుంత నిండి ఉంది. తెరేజమ్మ దోసిలి ముంచి తాగి, "తియ్యగా ఉన్నాయి బావా. తాగు" అన్నది. అదే ఆమె మన్నింపు అని పెద్దలు చెబుతారు. వాననీరు తియ్యగా ఉండడంలో వింత లేదు. కానీ ఎండలు ముదిరి ఏరే సన్నబడినా ఆ గుంత ఎండలేదు, ఆ ఉప్పునేలలో ఉండి ఉప్పెక్కలేదు. అప్పటి నుండి చౌడుమెట్ట మంచినీళ్ళమెట్ట అయింది.

నేటికీ ఆ దేవాలయపు మూడు గోడలకు ఏటా సున్నం వేస్తారు, తూర్పు గోడను మాత్రం ముట్టరు. వేసవిలో దాని మీద అరచేయంత చౌడు ఇంకా పూస్తుంది. అది చూసి ఎవరూ సిగ్గుపడరు, నీళ్ళు చల్లి దండం పెడతారు. బాలశౌరి కట్టుకున్న ఇల్లు యాత్రికుల సత్రమైంది. విభూది బుధవారం నాడు ఊరివారు ఆ గుంతకే కట్టిన బావి గట్టు మీద బోర్లించిన కుండలలో తలా ఒకటి తిప్పి, నీరు నింపి, ఆ గోడ ఎదుట నిలబడతారు. తరువాత కుండ తలకెత్తుకుని, తాము ఎవరికి అన్యాయం చేశారో వారి వాకిలి వైపు మొదటి అడుగు వేస్తారు. దేవాలయంలోకి అడుగు ఆ తరువాతే.