పుట్టకముందే మొలిచిన పన్ను

ఒకానొక రాజ్యంలో మనుషులకంటే రాళ్ళే ఎక్కువ మాట్లాడేవి. ఆ దేశపు రాజు మల్లభూపతికి తన ఘనకార్యాలన్నీ రాళ్ళమీద చెక్కించుకునే జబ్బు ఉండేది. కోట కట్టించినా శాసనమే, వేటలో కుందేలు దొరికినా శాసనమే.

ఆ రాళ్ళవల్ల బాగుపడ్డది ఒక్క ఓబక్కే. విరిగిన ఎముకలకు కట్లు కట్టే ఇంట పుట్టింది. అక్షరం దిద్దించిన గురువు లేడు. కట్లు కడుతూ ఊరూరా తిరిగేటప్పుడు కనబడ్డ ప్రతి శాసనం మీదా వేలు పెట్టి, దారిన పోయేవాణ్ణి నిలేసి అడిగి, కూడబలుక్కుని చదువు నేర్చింది. ఎముకనైనా అక్షరాన్నైనా వేలితోనే చదవాలి అనేది.

ఒక ఏడు సరిహద్దులో యుద్ధం వచ్చింది. పదహారు నిండిన ప్రతి మగవాడూ సైన్యంలో చేరాలని రాజు చాటించాడు. ఎవడు ఎప్పుడు పుట్టాడో ఎవరింట రాసుంటుంది? అందుకని తన తాతగారి ఈటెను కోటవాకిట పాతించాడు. తల ఈటెను దాటితే పదహారు నిండినట్టు, దాటకపోతే పసివాడు.

యువరాజు సోమభూపతి తల ఆ ఈటెకు అందలేదు. తాతగారి ఈటె తప్పు చెప్పదు గనక యువరాజుకు పద్నాలుగేళ్ళేనని రాజు తేల్చేశాడు. నవ్వే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఓబక్క మనవడు కదిరప్పకు పన్నెండేళ్ళు. తల్లీ తండ్రీ లేనివాడు, తాటిచెట్టులా ఎదిగాడు. ఈటెకంటే రెండు వేళ్ళు ఎక్కువే ఉన్నాడని భటులు పట్టుకుపోయారు.

ఓబక్క తిన్నగా కొలువుకే నడిచింది.

"మహారాజా, నా మనవడికి ఇంకా పాలపన్ను ఊగుతోంది. ఊడిన పన్నును ఇంటికప్పు మీదికి విసిరే వయసు. వాడిచేత బల్లెం విసిరిస్తారా?"

"మా తాతగారి ఈటె అబద్ధమాడదు," అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

"ఈటె పొడుగు చెబుతుంది దొరా, వయసు చెప్పదు. వయసు చెప్పేవి పళ్ళూ ఎముకలూ. సంతలో ఎద్దు నోరు తెరిచి చూడందే ఏ రైతూ పలుపు పట్టడు."

"అయితే ఎద్దులు కొనేవాడికున్న తెలివి మాకు లేదంటావు."

"నేను ఎద్దుల సంగతే అన్నాను. మిగతాది తమరన్నారు."

రాజు ముఖం ఎర్రబడింది. "అయిదుగురిని తెరవెనక నిలబెడతాను. ముఖం చూడకూడదు, గొంతు వినకూడదు. అందరి వయసూ సరిగ్గా చెబితే నీ మనవణ్ణి తీసుకుపో. ఒక్కటి తప్పినా వాడితోపాటు నువ్వూ సరిహద్దుకే. అక్కడ విరిగే ఎముకలకు కొదవలేదు."

"అవ్వా, తప్పితే?" అన్నాడు భటుల నడుమ నిలబడ్డ కదిరప్ప గొణుగుతూ.

"నాలుకతో ఆ పన్ను కదపకు. అది ఊడిందంటే నీకు సాక్షి ఉండడు."

ఓబక్క సంచిలోంచి తేనెమైనం తీసి అయిదు ముద్దలు చేసింది. ఒక్కొక్కరూ ముద్దను గట్టిగా కొరికి, దానితోపాటు చేతిని తెర సందులోంచి బయటికి చాపాలి. ఆమె మైనంలో పడ్డ పంటిగుర్తులు వేలితో తడిమేది, మణికట్టు ఎముక నొక్కి చూసేది.

"ముందు పళ్ళు మారాయి, పక్కవన్నీ పాలపళ్ళే. ఎనిమిది." "పదకొండు." "కోరపన్ను దిగింది, వెనక దవడపన్ను పూర్తిగా రాలేదు. పదమూడు." "తొమ్మిది."

నాలుగూ నిజమేనని ఆ పిల్లల తల్లులే ఒప్పుకున్నారు. కొలువులో గుసగుసలు మొదలయ్యాయి.

అయిదో చేయి వచ్చింది. మెత్తటి చేయి. ఉంగరాలు తీసేశారుగానీ వేళ్ళమీద వాటి గుర్తులు తీసేయలేకపోయారు. ఓబక్కకు అంతా అర్థమైంది. పద్నాలుగు అంటే చాలు, మనవడు ఇంటికొస్తాడు. కానీ వాకిట్లో ఈటె అలాగే నిలబడి ఉంటుంది, రేపు ఇంకో అవ్వ మనవణ్ణి పట్టుకుపోతారు. పైగా తన వేళ్ళు ఈనాటివరకూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు. రాజుకోసం ఇప్పుడు మొదలుపెట్టాలా?

"దవడపళ్ళన్నీ నిండుగా ఉన్నాయి. వాటి వెనక జ్ఞానదంతం తొంగిచూస్తోంది. మణికట్టులో ఎముక అతుక్కునే వేళయింది. ఈ చేతికి పదిహేడున్నర," అంది.

రాజు తొడ చరిచాడు. "తప్పావు. అది యువరాజు చేయి. పద్నాలుగేళ్ళు."

"అలాగా మహారాజా? అయితే మన యువరాజు మామూలు బిడ్డ కాదు. లోకంలో అందరికీ పుట్టాక పన్ను మొలుస్తుంది. ఆయనకు పుట్టడానికి మూడేళ్ళ ముందే మొలిచింది."

"ఏం వాగుతున్నావు?"

"నేను కాదు, తమ తూర్పు దర్వాజా మీద రాయి వాగుతోంది. 'మేము పట్టమునకు వచ్చిన మూడవ యేట, యువరాజునకు తొలిపన్ను మొలిచిన శుభవేళ ఈ దర్వాజా నిలిపితిమి.' మొన్ననే తమ ఇరవయ్యో ఏటి పట్టాభిషేక మహోత్సవం జరిగింది. పన్నుకే పదిహేడేళ్ళు. పన్ను మొలవడానికి పట్టిన ఆరేడు నెలలు కలుపుకోండి. ఇప్పుడు రాయి అబద్ధమా, ఈటె అబద్ధమా, తమరే సెలవివ్వాలి."

తెర పక్కకు జరిగింది. పొట్టిగా, గట్టిగా ఉన్న కుర్రవాడు బయటికొచ్చాడు.

"నాన్నగారూ, మీరు దాచుకున్న మూడేళ్ళూ నాకిచ్చేయండి. పసివాళ్ళు నా బదులు సరిహద్దుకు పోతుంటే నేను ఈ తెరవెనక నిలబడలేను."

రాజు కొడుకువంక చూశాడు. ఆ చూపులో ముందు భయముంది, తర్వాత గర్వం వచ్చింది. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను చెక్కించిన రాయే నా నెత్తిన పడింది ఓబక్కా. ఏం కావాలో కోరుకో."

"ఆ ఈటెను పీకించండి. పట్టుకుపోయిన పిల్లలందరి నోళ్ళూ నన్ను చూడనివ్వండి. పసివాళ్ళని తేలినవాళ్ళను ఇళ్ళకు పంపండి."

"మరి నీకు?"

"ఇన్ని రాళ్ళు చెక్కించారు గదా. నాకూ ఒకటి."

ఈటెను పీకిన గోతిలోనే రాయి నిలిపారు. కదిరప్ప పన్ను ఆ రోజే ఊడింది. దాన్ని కోటకప్పు మీదికి విసిరింది సరిహద్దుకు బయలుదేరుతున్న యువరాజే. ఓబక్క మటుకు రాయి ముందు కూర్చుని తన పేరు మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే నెమ్మదిగా చదువుకుంది. తప్పులేమీ లేవు.