నాంచారి బాతు

మంచుపొగలో తేలుతున్నట్టుండే తెల్లమడుగు రాజ్యంలో నాంచారి బాతులు కాచుకునేది. ఆమె మొగుడు సిద్దయ్య రాజుగారి వార్తలు మోసే పరుగుకాడు. రాజభటులకు కసరత్తులు నేర్పడానికి కొత్తగా వచ్చిన గరిడీ గురువు ఉద్దండమల్లుడు "బండ ఎత్తలేనివాడికి పరుగేం వస్తుంది?" అంటూ సిద్దయ్యను కొలువులోంచి తీసేశాడు.

తెల్లారుతూనే నాంచారి మొగుణ్ణి వెంటబెట్టుకుని, ఓ బాతును చంకనెత్తుకుని, రాజుగారు సాము చూస్తున్న మైదానానికి వెళ్లింది. ఆ తెల్లటి పొగలో మనుషులు కలలోలా కదులుతున్నారు.

"మహాప్రభో! గురువుగారి శిష్యులెవరైనా ఈ బాతును పట్టుకుంటే, మా ఆయన కొలువు మళ్లీ అడగను. వాళ్లవల్ల కాకపోతే మా ఆయన పట్టి చూపిస్తాడు," అంది.

రాజు సరేనన్నాడు. నాంచారి బాతును వదిలింది.

మేటి శిష్యుడు బాణంలా దూసుకెళ్లాడు. బాతు చటుక్కున పక్కకు తిరిగింది. అతను తిరగలేక మంచులో మాయమయ్యాడు. ఎక్కడో దబ్బున చప్పుడైంది. తర్వాత దిగిన ముగ్గురిదీ అదే గతి.

ఏళ్ల తరబడి పెళ్లాంతో బాతులు తోలిన సిద్దయ్య చిన్నచిన్న అడుగులతో బాతు తిరిగినట్టే తిరిగి, పువ్వు కోసినంత మెల్లగా దాన్ని ఎత్తుకున్నాడు.

గురువు మండిపడ్డాడు. "శత్రువులేమన్నా బాతులా?"

"కాదు బాబయ్యా! అలాగని మీ బండలా కదలకుండానూ కూర్చోరు కదా!" అంది నాంచారి.

రాజు పకపకా నవ్వాడు. సిద్దయ్యకు కొలువిచ్చి, "పొద్దున బండలు, సాయంత్రం బాతులు," అని గురువుకు ఆజ్ఞాపించాడు.

ఆ సాయంత్రం గట్టుమీద నిలబడ్డ నాంచారికి పొగమంచులోంచి బాతుల అరుపులు, వాటి నడుమ పసివాడిలా కేరింతలు కొడుతున్న గురువుగారి గొంతు వినిపించాయి.