పిట్టగోడ మీది పిల్లలు

మా ఊరి మున్సిపల్ ఆఫీసు డాబా మీద పక్షుల బడి ఉండేది. హెడ్మాస్టరు ధవళయ్య అనే కొంగ. బడి అందరిదీ అనేవాడు. కాకపోతే కొంగలు, పావురాలు, కోయిలల పిల్లలకి వాటర్ ట్యాంకు నీడ; కాకి పిల్లలకి ఎండలో పిట్టగోడ. అంతదూరం పాఠం వినబడేది కాదు.

ఒకరోజు నూకాలమ్మ అనే కాకి ఇద్దరు మగపిల్లల్ని వెంటబెట్టుకొచ్చింది. పైడి ఆమె కన్నబిడ్డ. సింహాద్రి, ఎవరో కోయిల ఆమె గూట్లో పెట్టిపోయిన గుడ్డులోంచి వచ్చినవాడు. ఇద్దరూ నలుపే. ఇద్దరికీ ఇంకా గొంతు విచ్చలేదు.

"వీళ్లలో ఒకడు కోయిల బిడ్డ బాబూ," అంది.

"ఎవడో నువ్వు చెప్పక్కర్లేదు! మొహం చూసి వంశం చెప్పేస్తాను." ధవళయ్య పైడి ముక్కు పైకెత్తి చూశాడు. "ఆహా, ఏం కళ! వీడే కోయిల. నీడలో కూర్చోరా. ఆ రెండోవాడు గోడెక్కాలి."

నూకాలమ్మ నోరు తెరిచి, మూసేసింది. నిజం చెబితే పైడి గోడెక్కాలి, చెప్పకపోతే సింహాద్రి. ఇద్దరూ ఆమె రెక్కల కింద పెరిగినవాళ్లే. ఆ రోజు ఆమె మెతుకు ముట్టలేదు.

ఆర్నెల్లకి పైడి ఎక్కాలూ పద్యాలూ గడగడా అప్పజెప్పేవాడు. పాట మాత్రం ధవళయ్య నేర్పలేదు. కోయిలకి అది పుట్టుకతోనే వస్తుందని ఆయన నమ్మకం. సింహాద్రికి 'అ' దిద్దడం కూడా రాలేదు.

"కాకి బుర్ర! ఎంత చెప్పినా ఎక్కదు," అనేవాడు ధవళయ్య, ఏమీ చెప్పకుండానే.

తనిఖీకి గద్ద ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పైడి అడిగినవన్నీ చెప్పాడు.

"భేష్! కోయిలవి కదా, ఒక పాట పాడు."

"కావ్!" అన్నాడు పైడి.

అన్నకి పాట రాలేదని జాలిపడి, గోడ మీంచి సింహాద్రి అందుకున్నాడు: "కుహూ!"

"నువ్వా కోయిలవి? ఏదీ, నీ పేరు రాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రాదండి. ఇక్కడికి పాఠం వినబడదండి."

ఇన్‌స్పెక్టరు కళ్లెర్రజేశాడు. ధవళయ్య తడబడి, "అయ్యా, కాకి పిల్లలూ చదవగలరని రుజువు చెయ్యడానికే, కావాలనే వీణ్ణి నీడలో కూర్చోబెట్టాను!" అన్నాడు.

"రుజువైపోయింది కదా బాబూ," అంది తనిఖీ చూడ్డానికొచ్చిన నూకాలమ్మ. గోడ వైపు తిరిగి, "రండర్రా, నీడలోకి!" అని కేకేసింది.

పిల్లలంతా బిలబిలమంటూ దిగారు. ఇన్‌స్పెక్టరు ఎదుట ధవళయ్య కాదనలేకపోయాడు. నీడ చాలక, ఎండలో ఒంటికాలి మీద నిలబడి పాఠం మొదలుపెట్టాడు.

చెప్పని పాఠం రాలేదని పిల్లవాడి పుట్టుకని తిట్టేవాడే అసలు చదువు రానివాడు.