బిస్కెట్ల డబ్బాలో చీటీలు

ఆ వారం కూడా రజితే ముందుంది.

యామిని బస్సు దిగుతుంటే చేతిలో ఫోను గుర్రుమంది. 'రజిత మిమ్మల్ని దాటేసింది.' పక్కన ఏడుస్తున్న పిల్లి బొమ్మ.

ఇద్దరూ యూనివర్సిటీలో ఫారసీ ఎమ్మే చదువుతున్నారు. క్లాసులో ఉన్నదే ఆరుగురు. పాఠం చెప్పే మునవ్వర్ సాబ్‌ని అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. ఆయనకు డెబ్భై దాటాయి. ఇంటి దగ్గర సాధన కోసమని ఆరుగురూ ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నారు. పాఠం చేస్తే పాయింట్లు. పాయింట్లను బట్టి వరస. ఆదివారం సాయంత్రానికి పైన ఎవరుంటే వాళ్లకో కిరీటం.

ఉస్తాద్ పద్ధతి వేరు. ఆయన బల్ల మీద ఒక పాత ఉస్మానియా బిస్కెట్ల డబ్బా ఉంటుంది. ఎవరికి ఏది అర్థం కాకపోయినా చీటీ మీద రాసి అందులో వేయాలి. సోమవారం మూత తీస్తారు. లోపల ఏముంటే అదే ఆ వారం పాఠం.

రజిత భువనగిరి నుంచి వస్తుంది. బస్సులో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో అద్దం పగిలిన ఫోన్లో పాఠాలు చేసుకుంటుంది. చేరిన కొత్తలో ఫారసీ అక్షరాలు కూడా రాని పిల్ల. ఇప్పుడు ఉస్తాద్ ఏదైనా అడిగి తలెత్తితే, ఆయన చూపు ముందు రజిత మీదికే పోతోంది.

అదే యామినికి గుచ్చుకునేది. డిగ్రీలో ఆమెకు గోల్డ్ మెడల్ మరి.

ఒకసారి రజితకు జ్వరం వచ్చి, తొంభై ఆరు రోజులుగా ఒక్క రోజూ మానకుండా చేస్తున్న పాఠాల గొలుసు తెగిపోయింది. యామిని ఆమెకో జాలి బొమ్మ పంపింది. ఆ పూట అన్నం ఎంతో రుచిగా అనిపించింది.

ఎండాకాలం దగ్గర పడుతోంది. పాత దస్తావేజుల ఆఫీసులో ఎవరూ విప్పని ఫారసీ ఉత్తరాల మూటలున్నాయి. ఏటా సెలవుల్లో ఉస్తాద్ వెళ్లి వాటిని చదువుతారు. వెంట ఒక్కరినే తీసుకెళ్తారు. ఆ ఒక్కరూ తానే కావాలని, చేరిన రోజు నుంచీ యామిని కోరిక.

రెండు నెలల కింద ఆమెకో కిటుకు దొరికింది. కొత్త పాఠం చేస్తే తప్పులొస్తాయి, ఆలస్యమవుతుంది. మొదటి పాఠమే మళ్లీ మళ్లీ చేస్తే నిమిషంలో అయిపోతుంది. పాయింట్లు మాత్రం అవే. అయినా రజిత దాటేస్తూనే ఉండటంతో, ఆ వారం పూటపూటంతా అదే చేసింది. ఇది నీళ్లు. ఇది రొట్టె. మా నాన్న మంచివాడు. ఇది నీళ్లు. ఇది రొట్టె.

"తినేటప్పుడైనా దాన్ని పక్కన పెట్టవే," అంది తల్లి.

"పెడితే అది దాటేస్తుందమ్మా."

"ఎవరే?"

యామిని మళ్లీ మొదటి పాఠం నొక్కింది. కూతురి మొహం చూసి ఆ తల్లి కంచంలో చెయ్యి అలాగే ఉంచేసింది.

ఆదివారం సాయంత్రం కిరీటం యామినికి వచ్చింది. రజిత నాలుగో చోటికి దిగింది.

సోమవారం పొద్దున్నే, ఎవరూ రాకముందే, యామిని ఉస్తాద్ ఎదుట నిలబడింది.

"ఉస్తాద్, ఈ ఎండాకాలం ఎవరిని తీసుకెళ్తున్నారు?"

"ఎవరు రావాలంటావు బేటా?"

యామిని ఫోను బల్ల మీద పెట్టి ఆయన వైపు తిప్పింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, పెట్టుకుని, తీరిగ్గా చూశారు.

"మాషా అల్లా! ఇన్ని పాయింట్లా? ఒక్క తప్పు కూడా లేదే!"

"రెండు నెలలుగా లేదు ఉస్తాద్."

"నన్నోసారి ఆడనిస్తావా?"

పాఠాల జాబితాను వేలితో పైకి తోసుకుంటూ తోసుకుంటూ అట్టడుగుకు పోయారు.

"అది చివరి పాఠం ఉస్తాద్. కష్టంగా ఉంటుంది."

"చూద్దాం."

తెర మీద హెలికాప్టర్ బొమ్మ వచ్చింది. దీన్ని ఫారసీలో ఏమంటారు? ఆయన ఒక్కో అక్షరమే వెతికి వెతికి 'హెలికోప్తర్' అని కొట్టారు. ఫోను గర్రుమంది. ఎర్ర గుర్తు పడింది. కింద సరైన మాట వచ్చింది: బాల్‌గర్ద్.

"బాల్‌గర్ద్!" అన్నారు ఉస్తాద్. "రెక్క తిరిగేది! ఎంత బాగుంది! నేనెప్పుడూ వినలేదు ఈ మాట."

జేబులోంచి పెన్ను తీశారు. చీటీ మీద 'బాల్‌గర్ద్. ఈ పేరు ఎవరు పెట్టారు? ఎప్పుడు?' అని రాసి డబ్బాలో వేశారు. ఇంకో ప్రశ్న. మళ్లీ గర్రు. ఇంకో చీటీ. మూడోదీ అంతే. చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నారు.

ఇంతలో రజిత వచ్చింది. మొహమంతా చెమట. గుప్పిట్లో నలిగిన చీటీలు.

"సలాం ఉస్తాద్. ఈ వారం మస్తు తప్పులొచ్చినయ్. పదకొండు. నవ్వకున్రి."

"నాకిప్పుడే మూడొచ్చాయి. నువ్వు నవ్వకు."

రజిత గుప్పెడు చీటీలూ డబ్బాలో కుమ్మరించి యామిని వైపు తిరిగింది. "ఫస్టొచ్చినవ్ గదా! నిన్ననే చూసిన. పార్టీ ఎప్పుడిస్తవ్?"

ఆ నవ్వులో కుళ్లు లేదు. యామిని ఎంత వెతికినా దొరకలేదు. దొరికి ఉంటే బాగుండుననిపించింది.

మిగతావాళ్లు వచ్చి కూర్చున్నారు. ఉస్తాద్ డబ్బాను బల్ల మీద బోర్లించారు. చీటీలు విప్పి ఒక్కొక్కటే పరిచారు. నిలువు రాత, గుండ్రని రాత, బస్సు కుదుపులకు వంకర్లు పోయిన రాత.

"బేటా, నీ చీటీ ఏది?" అని యామినిని అడిగారు.

"నాకు డౌట్లేమీ రాలేదు ఉస్తాద్."

ఆయన తలూపారు. ఆ మొహంలో కోపం లేదు. వంకర్ల రాత చీటీ ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూశారు.

"ఆ మూటల్లో ఉత్తరాలున్నాయే, సగం నాకూ అర్థం కావు." చీటీ కింద పెట్టారు. "రజితా, ఎండాకాలం మధ్యాహ్నాలు నీకు తీరికేనా?"

"నేనా?" అంది రజిత.

యామిని ఫోను తీసుకుని తన చోటికి వెళ్లి కూర్చుంది. చెవులు వేడెక్కాయి. చీటీల మీద పాఠం మొదలైంది. ఒక్క ముక్కా తలకెక్కలేదు.

చాలాసేపటికి ఫోను తీసింది. కిరీటం తళుక్కుమంది. దాన్ని దాటి కిందికి పోయింది. రెండు నెలల కింద తాను ఆగిపోయిన చోటు, పద్నాలుగో పాఠం, ఆగినట్టే ఉంది. దాన్ని నొక్కింది.

మొదటి ప్రశ్న. తోచిన జవాబు రాసింది.

ఫోను గర్రుమంది. అది అందరికీ వినపడింది. ఐదు తలలు తిరిగాయి.

ఉస్తాద్ తలెత్తలేదు. చదువుతున్న చీటీ చదువుతూనే, తెల్ల కాగితాల కట్టను యామిని వైపు జరిపారు.

ఆమె ఒకటి చింపుకుంది. సంచీలో వెతికింది. పెన్ను లేదు. తెచ్చి ఎన్నాళ్లయిందో.

"రజితా," అంది. "పెన్నుందా?"

రజిత మూత కొరికిన పెన్ను అందించింది.