నలభై మూడో రోగి

ఇది చిన్న కథ. చెంబుడు మజ్జిగ తాగేలోపు అయిపోతుంది. ఏలేటికోన అనే ఒకానొక రాజ్యంలో విద్యాపీఠానికి ఒక ఆచార్యుణ్ణి ఎలా ఎంచుకున్నారన్నదే ఇందులో సంగతి.

పనికి మనిషిని ఎంచడమంటే గుర్తొచ్చింది. మా పక్క ఊరి వాళ్ళు జొన్నచేలకు కాపలా మనిషి కావాలని ముగ్గుర్ని పిలిచారు. మొదటివాడు అరిస్తే రెండు పొలాల అవతల గొడ్లు తలెత్తుతాయి. రెండోవాడు ఒడిసెల తిప్పి రాయి విసిరితే గురి తప్పదు. మూడోవాడు మునసబుగారికి తలపాగా బాగా చుడతాడు. మూడోవాణ్ణే పెట్టుకున్నారు. ఆ ఏడు జొన్నలు పిట్టలు తిన్నాయి. దానికి ఊళ్ళో ఎవరూ తప్పు పట్టలేదు. తలపాగా నిజంగానే బాగుండేది. మునసబు భార్య రత్తమ్మ ఈ మాట ఎవరికీ చెప్పొద్దంది. అందుకే ఇక్కడితో ఆపుతాను.

ఏలేటికోన రాజు పేరు ఉద్దండరాయుడు. మంచివాడే, కాకపోతే ఆ మాట రోజూ నలుగురు చెప్పాలి. ఆయనకు రెండు ఇష్టాలు. ఒకటి హోదా. రెండోది గుత్తి వంకాయ కూర. హోదా అంటే ఎంత ఇష్టమో, ఊళ్ళోని ధర్మవైద్యశాల గుమ్మం పక్కన రాతిమీద చెక్కించి మరీ చెప్పాడు: "రోగులను వారి వారి హోదాను బట్టి వరుసగా చూడవలెను. ముందు రాజబంధువులు, పిమ్మట సర్దారులు, పిమ్మట వర్తకులు, పిమ్మట తక్కినవారు."

ఆ గుమ్మం దగ్గర ఇరవై ఏళ్ళుగా గురవమ్మ అనే ఆవిడ కూర్చునేది. ఆవిడకు చదువు రాదు. రాయి మీద ఏముందో ఆవిడకు ఎవరూ చదివి చెప్పలేదు, ఆవిడా అడగలేదు. ఒళ్ళో మూడు దారపుండలు పెట్టుకునేది. వచ్చినవాళ్ళ కనురెప్ప లాగి చూసి, నాలుక చూసి, చెయ్యి పట్టి చూసి మణికట్టుకు ఒక దారం కట్టేది. ఎర్ర దారమైతే వైద్యుడి దగ్గరికి అప్పటికప్పుడు. పసుపు దారమైతే అరుగు మీద కూర్చోవాలి. తెల్ల దారమైతే కషాయం తాగి ఇంటికి పోవాలి. ఆ దారాల వల్ల బతికినవాళ్ళు ఊరినిండా ఉన్నారు.

ఒకరోజు రాజుగారి బావమరిది బసవరాయుడు గోరుచుట్టుతో వచ్చాడు. గురవమ్మ వేలు చూసి పసుపు దారం కట్టి, జ్వరంతో వణుకుతున్న ఒక కుమ్మరి ఇల్లాలిని ముందు లోపలికి పంపింది. బసవరాయుడు గోరుచుట్టు మాట మరిచిపోయి కోటకు పరుగెత్తాడు.

"బావగారూ, మీ శాసనం కన్నా ఆ ముసలిదాని దారం గట్టిదట!"

రాజు మీసం దువ్వాడు. ఆయన మీసం దువ్వితే ఎవరో ఒకరు ఊరు విడిచిపోవడం అక్కడ ఆనవాయితీ.

"ఎల్లుండి పొద్దు గుంకేలోపు గురవమ్మ నా రాజ్యం దాటాలి. విద్యాపీఠంలో వైద్యశాలా నిర్వహణ చెప్పడానికి ఒక ఆచార్యుణ్ణి వెయ్యండి. రాజ్యంలోని పన్నెండు వైద్యశాలల వాళ్ళకూ నా శాసనం నూరిపొయ్యాలి" అన్నాడు.

ఆ పదవికి నిలబడింది ఒక్కడే, శాస్త్రకేసరి శంభుభట్టు. ఆయనకు పదకొండు బిరుదులు. పన్నెండోది లేదన్న బెంగతో సరిగా నిద్రపోడని వాళ్ళావిడ నీళ్ళరేవులో చెప్పింది. వైద్యశాల మీద మూడు గ్రంథాలు రాశాడు గానీ ఒక్కసారి కూడా దాని లోపలికి పోలేదు. పోతే రోగాలు అంటుకుంటాయట.

కొలువులో కోనప్ప అనే చమత్కారి ఉండేవాడు. అందరినీ నవ్వించేవాడు, వంకాయ చూస్తే మాత్రం ఏడ్చేవాడు. తింటే ఒళ్ళంతా దద్దుర్లు. నాలుగేళ్ళ కిందట వాళ్ళావిడ పురిటిలో కష్టపడ్డప్పుడు ఆమె మణికట్టుకు ఎర్ర దారం కట్టింది గురవమ్మే. రాతిమీది వరుస ప్రకారమైతే ఆమె వంతు మర్నాటికి వచ్చేది. ఆ దారం ముక్క కోనప్ప ఇంకా దాచుకున్నాడు.

ఆ సాయంత్రం అతను గురవమ్మ ఇంటికి పోయాడు. ఆవిడ చీరలు మూట కడుతోంది.

"అక్కా, ఎక్కడికి పోతావు?"

"తెలిస్తేగా నాయనా. ఈ గుమ్మం తప్ప ఇంకో చోటు ఎరగను." మూట ముడి వేస్తూ అంది, "నన్ను పొమ్మంటే పోతాను. ఆ దారాలు ఎవరికిచ్చి పోవాలో తెలియట్లేదు."

మర్నాడు కొలువులో కోనప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహాప్రభూ, వంటవాణ్ణి పెట్టుకునేటప్పుడు వండించి చూస్తాం. గుర్రం కొనేటప్పుడు ఎక్కి చూస్తాం. ఆచార్యులవారిని మాత్రం బిరుదులు విని తీసుకోవడమేమిటి? రేపు ఒక్క పూట వైద్యశాల ఆయన చేతికిద్దాం. తమరు అక్కడే సింహాసనం వేయించుకుని చూడండి."

శంభుభట్టు ముఖం కొంచెం పాలిపోయింది. రాజు మాత్రం పొంగిపోయాడు. నలుగురిలో కూర్చోవడమంటే ఆయనకు మహా సరదా.

"ఆ పూట భట్టుగారి మాటే నా మాట. నేనైనా అడ్డుపడను."

"తమరే అడ్డుపడితే?" అన్నాడు కోనప్ప, నేల చూస్తూ.

"నా శాసనానికి నేనా? అలా జరిగితే గురవమ్మ ఆ గుమ్మంలోనే ఉంటుంది పో!"

"జరక్కపోతే?"

"ఆవిడతో పాటు నువ్వూ పోతావు. ఆవిడ మూట నువ్వు మోస్తావు."

కొలువంతా నవ్వింది. కోనప్ప కూడా నవ్వాడు. ఇంటికి వెళ్ళాక మాత్రం అన్నం ముట్టలేదట.

రాజుగారి వంటింట్లో ఈరన్న అని ఒకడుండేవాడు. రాజు తినబోయే ప్రతిదీ ముందు వాడు తినాలి. ఈరన్న తిని ఒక ఘడియ నిలబడితే అప్పుడు రాజు ముద్ద కలిపేవాడు. తరతరాల ఆచారం. వాడి నోట్లోకి పోయిందే రాజు నోట్లోకి పోతుంది. హోదాలో మాత్రం వాడు అందరికన్నా చివర.

"రేపు పొద్దున రాజుగారు తిన్నాక, వైద్యశాలలో ఆయన కళ్ళముందు నువ్వు కడుపు పట్టుకుని పడాలి" అన్నాడు కోనప్ప.

"బొంకని తేలితే నా తల?"

"దాని పక్కనే నా తల ఉంటుంది. నీకు తోడు."

ఈరన్న తల్లి చేతికి కూడా ఒకప్పుడు ఎర్ర దారం కట్టారు. సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్నే వైద్యశాల వాకిలి జనంతో నిండిపోయింది. పందిరి కింద సింహాసనం. రాజు గుత్తి వంకాయ మూడుసార్లు వడ్డించుకుని వచ్చి కూర్చున్నాడు. ఒక మూల గురవమ్మ తన మూట పక్కన పెట్టుకుని కూర్చుంది. ఎండ మండిపోతున్నా శంభుభట్టు శాలువా నిండా కప్పుకుని, నుదురు తుడుచుకుంటూ రోగుల పేర్లు, వంశాలు, హోదాలు రాసుకుంటున్నాడు. మొత్తం నలభై రెండు పేర్లు. మొదటి పేరు బసవరాయుడు. ఆయన తన గోరుచుట్టు పుట్టుపూర్వోత్తరాలు వైద్యుడికి చెప్పడం మొదలుపెట్టాడు. అది ఒక జాతరలో మొదలైన కథ. జాతర దగ్గరే చాలాసేపు ఉండిపోయాడు.

అప్పుడు ఈరన్న "అమ్మో!" అని కడుపు పట్టుకుని రాజు కాళ్ళ ముందు పడ్డాడు.

రాజు ముఖంలో రక్తం లేదు.

"వీణ్ణి చూడండి! త్వరగా!"

శంభుభట్టు కాగితం మీద ఇంకో పేరు రాశాడు. "చిత్తం ప్రభూ. వంటింటి సేవకుడు. నలభై మూడు."

"వాడు తిన్నదే నేనూ తిన్నానయ్యా!"

"అయితే తమరిదే మొదటి వంతు. తమకు బాధ ఏమిటి ప్రభూ?"

"నాకేమీ లేదు." రాజు ఈరన్న వైపు చూశాడు. "ఇంకా."

వైద్యుడు వచ్చి రాజు నాడి పట్టుకున్నాడు. "ప్రభూ, నాడి పరుగెడుతోంది. కానీ వాడి ఒంట్లో ఏముందో తెలిస్తేనే తమకు ఏ విరుగుడు ఇవ్వాలో తెలుస్తుంది."

"మరి వాణ్ణి చూడు!"

వైద్యుడు శంభుభట్టు వైపు చూశాడు. శంభుభట్టు రాతి వైపు చూపించాడు. "తమ శాసనమే ప్రభూ. ఈ పూట నా మాట తమ మాటేనని తమరే సెలవిచ్చారు. బసవరాయుల వారి తరవాత సర్దారులు పదకొండుగురు."

"ఆ జాతరలో రంగులరాట్నం పక్కన..." అంటున్నాడు బసవరాయుడు.

ఈరన్న పొర్లుతున్నాడు. వాడు మూలిగినప్పుడల్లా రాజు చెయ్యి తన పొట్ట మీదికి పోతోంది. నొప్పి మొదలైంది. మొదట బొడ్డు కింద, తరవాత పక్కటెముకల్లో. చెమట మీసం కొసల నుంచి కారుతోంది.

మొదటి సర్దారు వచ్చాడు. అతనికి ఎక్కిళ్ళు. రెండో సర్దారుకు ఏమీ లేదు, మొదటి సర్దారు వస్తున్నాడని వచ్చాడు.

మూడో సర్దారు లేచేసరికి రాజు సింహాసనం మీంచి లేచిపోయాడు.

"హోదా గంగలో కలవనీ! గురవమ్మను పిలవండి!"

పిలవక్కర్లేదు, ఆవిడ పది అడుగుల దూరంలో ఉంది. కోనప్ప ఊపిరి వదిలాడు. పాపం, తొందరపడ్డాడు.

గురవమ్మ వచ్చి ఈరన్న పక్కన కూలబడింది. కనురెప్ప లాగింది. నాలుక చాపమంది. పొట్ట నొక్కింది. కోనప్ప ఆవిడకు ఈ ఎత్తు సంగతి చెప్పలేదు. చెబితే ఆవిడ ఒప్పుకోదని భయం. ఆవిడ ఒళ్ళోంచి తెల్ల దారం తీసి వాడి మణికట్టుకు కట్టింది.

"లే నాయనా. నీకేమీ లేదు. ఇంటికి పో."

రాజు ముఖంలోకి మెల్లగా రక్తం తిరిగొచ్చింది. కావలసినదానికన్నా ఎక్కువే వచ్చింది.

"ఏమీ లేదా? మరి ఎందుకు పడ్డావురా?"

ఈరన్న కళ్ళు కోనప్ప మీదికి పోయాయి. అందరి కళ్ళూ అటే పోయాయి. రాజు చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది.

"నా భోజనంతో ఆటాడావా కోనప్పా?"

"ఆడాను ప్రభూ" అన్నాడు కోనప్ప.

కత్తి సగం బయటికి వచ్చింది. అప్పుడే గురవమ్మ, ఇవేవీ పట్టనట్టు, ఎర్ర దారం తెంపుకుని శంభుభట్టు దగ్గరికి నడిచింది. శాలువాలోంచి ఆయన చెయ్యి లాగి దారం కట్టేసింది.

"ఎన్నాళ్ళ నుంచి బాబూ ఈ జ్వరం?"

శంభుభట్టు కాగితం జారిపోయింది. "నాలుగు రోజులు. తెలిస్తే ఈ పదవి ఇవ్వరని..." అని, మిగతా మాట చెప్పకుండా నిలువునా కూలిపోయాడు.

నలుగురు పట్టుకుని లోపలికి మోసుకుపోయారు. వైద్యుడు కాసేపటికి బయటికి వచ్చి, సాయంత్రం దాకా ఆగివుంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు.

కోనప్ప వంగి కింద పడ్డ కాగితం తీసుకున్నాడు.

"ప్రభూ, నా తల ఎక్కడికీ పోదు, తీరిగ్గా తియ్యండి. ముందు ఈ జాబితా ఒక్కసారి చూడండి. నలభై మూడు పేర్లు. గోరుచుట్టు ఉంది, ఎక్కిళ్ళు ఉన్నాయి, నా బొంకు కూడా ఉంది. ఈ వాకిట్లో చావుకు అందరికన్నా దగ్గరగా ఉన్న మనిషి పేరు మాత్రం లేదు. కలం ఆయన చేతిలోనే ఉంది."

రాజు కాగితం తీసుకున్నాడు. పైనుంచి కిందికి చదివాడు. మళ్ళీ చదివాడు. కత్తి పూర్తిగా బయటికీ రాలేదు, లోపలికీ పోలేదు.

"మరి నా కడుపునొప్పి?" అన్నాడు చివరికి. "అది బొంకు కాదే. ఇంకా ఉంది."

గురవమ్మ ఆయన దగ్గరికి వచ్చి నాలుక చాపమంది. ఏలేటికోన రాజు నిండు వాకిట్లో నాలుక చాపాడు. ఆవిడ చూసి ఆయన మణికట్టుకు తెల్ల దారం కట్టింది.

"మూడోసారి వడ్డించుకున్నందుకు బాబూ. జీలకర్ర కషాయం తాగి, ఇంటికి నడిచి పొండి. పల్లకీ ఎక్కకండి."

ముందు పొట్ట కదిలింది. తరవాత మీసం కదిలింది. తరవాత రాజు పగలబడి నవ్వాడు. నవ్వుతూ కత్తి లోపలికి తోసి, నడిచే కోటకు పోయాడు. సర్దారులు కూడా వెనకే నడిచారు. అందులో ఒకడికి ఎక్కిళ్ళు.

గురవమ్మ గుమ్మంలోనే ఉండిపోయింది. రాతిమీది అక్షరాలు చెరిపించేశారు. ఆచార్య పదవి ఆవిడకే ఇస్తామన్నారు. "నేను అక్కడికొచ్చి పాఠం చెబితే ఇక్కడ దారం ఎవరు కడతారు? నాకు రాయడం రాదు. రాసేవాణ్ణి నా పక్కన కూర్చోబెట్టండి" అంది. పదిహేను రోజులకు శంభుభట్టు లేచి తిరిగాడు. ఆ పదవి ఆయనకే ఇచ్చారు. విద్యాపీఠం పాఠాలు వైద్యశాల గుమ్మం దగ్గర పెట్టారు. ఆచార్యులవారు కింద చాప మీద కూర్చుని, గురవమ్మ చెప్పింది రాసుకునేవాడు. పన్నెండు వైద్యశాలలకూ దారాలు పోయాయి. ఎర్ర దారం చేతినుంచి విప్పనివ్వలేదు ఆయన. అదే తన పన్నెండో బిరుదనేవాడట. ఇది వాళ్ళావిడ చెప్పిన మాట.

కోనప్పను కూడా రాజు మరిచిపోలేదు. నిండు కొలువులో శాలువా కప్పి, బంగారు కడియం తొడిగి, ఒక పదవి ఇచ్చాడు. ఈరన్నను వంటింటికి పెద్దను చేశారు గనక, ఆ రోజు నుంచి రాజుగారి భోజనం ముందుగా రుచి చూసే పని కోనప్పది.

మర్నాడు గుత్తి వంకాయ.