నక్క లెక్కలో రెండు సగాలు

కొండవాలున తుమ్మతోపులో వారానికోసారి జంతువుల సంత. అక్కడ డబ్బు చెల్లదు, మొక్కజొన్న కంకులు చెల్లుతాయి. ఆ సంతలో గొంగళ్ల దుకాణం జోగయ్య అనే నక్కది.

నల్లమ్మ అనే గేదెకు చలికాలం మొదట్లో దూడ పుట్టింది. తెల్లవారుజామున అది కాళ్లు మడుచుకుని వణుకుతుంటే తల్లికి నెమరు కూడా సాగేది కాదు. కిందటి సంతలో గొంగళి ధర అడిగితే నలభై కంకులన్నాడు జోగయ్య. ఆమె దగ్గర ముప్పయ్యే ఉన్నాయి.

"పది తగ్గించు తమ్ముడూ, పసిదానికి."

"తగ్గిస్తే నా పిల్లలు గాలి భోంచేయాలక్కా."

నల్లమ్మ ఖాళీ వీపుతో తిరిగొచ్చింది.

ఈ సంతనాడు పొద్దున్నే కాకి చాటింపు వేసింది. "జోగయ్య దుకాణంలో నూటికి యాభై తగ్గింపు. ఈ ఒక్క పూటే. ఆలస్యం అమృతం విషం."

నల్లమ్మ తన ముప్పై కంకుల మూట వీపున వేసుకుని బయల్దేరింది. దుకాణం ముందు గొర్రెలు తోసుకుంటున్నాయి. వేలాడదీసిన పలక మీద 'అసలు ధర అరవై' అని రాసుంది. గంగులనే పొట్టేలు గొంగళి కప్పుకుని అప్పుడే బయటికొచ్చాడు.

"ఎంతకిచ్చాడు గంగులూ?"

"నలభై, పిన్నీ. అరవైది నలభైకి. మహానుభావుడు."

"అది నీ ఒంటి మీద కత్తిరించిన ఉన్నే కదరా?"

"అయితేనేం, తగ్గించి ఇచ్చాడుగా."

నల్లమ్మ తొందరపడే రకం కాదు. ఒక పక్కగా నిలబడి నెమరు వేసింది. నూటికి యాభై అంటే వందలో యాభై, అంటే సగం. వందకు సగం యాభై అయినప్పుడు అరవైకి సగం ముప్పై. మరోసారి నమిలి చూసింది. అప్పుడూ ముప్పయ్యే వచ్చింది. ఇక వెళ్లి మూట దించింది.

"ఇదిగో ముప్పై. గొంగళి తీయి తమ్ముడూ."

"ఇంకో పది పెట్టక్కా."

"సగమన్నావుగా."

"సగమే. ఇరవై తగ్గించాను. గడ్డి తినేవాళ్లకు ఈ లెక్కలెందుకులే."

"గడ్డి తినేదానికి అర్థమయ్యేట్టే చెప్పు. ఇరవై దేనిలో సగం?"

"నలభైలో" అనేశాడు జోగయ్య.

"పలక మీద అరవై ఉందే?"

జోగయ్య మీసం సవరించుకున్నాడు. "అదే అక్కా, నలభైకి సగం కలిపితే అరవై. మళ్లీ ఆ సగం తీసేస్తే..." అని ఆగిపోయాడు. అప్పటికే గొర్రెలు తోసుకోవడం మాని చెవులు నిక్కించాయి.

పాపం, అతను పెంచినప్పటి సగం నలభైది. తగ్గించాల్సిన సగం అరవైది. రెండూ సగాలే కదా, సరిపోతాయనుకున్నాడు. చిన్న రొట్టెలో సగమూ పెద్ద రొట్టెలో సగమూ ఒకటెలా అవుతాయి?

"అసలు ధర నలభై అయితే నీ పలక అబద్ధం. అరవై అయితే నాకు ముప్పైకే ఇవ్వాలి. ఏదో ఒకటి చెప్పు తమ్ముడూ. నాకేం తొందర లేదు" అంది నల్లమ్మ.

జోగయ్య పని కక్కలేక మింగలేక అన్నట్టయింది. పలక అబద్ధమని ఒప్పుకుంటే రేపటి నుంచి ఆ దుకాణం గడప ఎవరూ తొక్కరు.

"అరవయ్యే" అని గొణిగి గొంగళి తీసిచ్చాడు.

"అయితే నా పది ఇటు పెట్టు" అన్నాడు గంగులు. అతని వెనకే ఇంకో గొర్రె, దాని వెనక మరొకటి. ఒకదాని వెనక ఒకటి నడవడం వాటికి ఆ ఒక్కరోజు కలిసొచ్చింది.

కాకి కిందికి దిగి జోగయ్య చెవిలో అంది. "నా చాటింపు కూలి ఇప్పుడే ఇచ్చేయి బావా. సాయంత్రానికి నీ దగ్గర మిగిలేట్టు లేదు."

నల్లమ్మ గొంగళి వీపున వేసుకుని, దారి పొడుగునా తీరిగ్గా నెమరు వేసుకుంటూ దూడ దగ్గరికి నడిచింది.

నూటికెంత తగ్గించారని మురిసిపోయే ముందు, ఏ ధర మీద తగ్గించారో అడగాలి.