పరవాన్నం తిన్న ఇంజను

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు, మూలపడ్డ ఆయిల్ ఇంజను ఒకటి ఉండేది. నవ్వకు, విను.

ఒకప్పుడు అది ఊరి చేలన్నిటికీ నీళ్ళు తోడేది. దాన్ని నడిపేవాడు పైడయ్య. ఒక దసరా మర్నాడు అది నడుస్తూ నడుస్తూ బిగుసుకుపోయింది. "నూనె పొయ్యడం మరిచాను" అని పైడయ్యే తల వంచుకుని చెప్పాడు. ఊరివాళ్ళు అతన్ని పనిలోంచి తీసేశారు. 'నూనె మరిచిన పైడయ్య' అని పేరు కూడా పెట్టారు. ముప్ఫై ఏళ్ళు ఆ పేరే.

అతని కూతురు ముత్యాలు పెద్దదై మెకానిక్కయింది. పాత సైకిలైనా, తుప్పు పట్టిన కుట్టుమిషనైనా ఆవిడ చేతిలో పడితే లేచి కూర్చోవలసిందే. 'మా నాన్న మరిచే మనిషి కాదు, తప్పు ఇంజనుదే' అని తేల్చాలని ఆవిడ పంతం. ఊరివాళ్ళు ఇంజనుని పాత ఇనుప కొట్టుకి తోలేస్తుంటే అడ్డుపడి, దాన్ని ఇంటికి తెచ్చుకుంది.

అప్పుడు గాలిగొట్టం విప్పింది. లోపల ఎలకల గూడు. ఉలిక్కిపడి, తీసి పారేసింది.

ఆ తర్వాత నూనె గొట్టం విప్పింది. లోపల నల్లగా గట్టిపడ్డ మెతుకులు. నూనె గొట్టంలో మెతుకులేమిటి చెప్పు? ముత్యాలు "ఏ బుద్ధిలేని మనిషి దీనికి అన్నం పెట్టాడో" అని తిట్టిపోసింది.

ఆ తర్వాత అడుగున నూనె తొట్టి విప్పింది. మడ్డిలో వేలెడంత ఇత్తడి గరిటె దొరికింది. తుడిచి చూసింది. అది చిన్నప్పుడు తను ఆడుకున్న బొమ్మగిన్నెల్లోది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ దసరానాడు ఆయుధపూజలో ఇంజనుకి బొట్టు పెట్టి, దండ వేసి, ఎదురుగా పరవాన్నం పెట్టారు. ఇంజను తినలేదు. పాపం ఆకలేస్తుందేమోనని ఆరేళ్ళ ముత్యాలు నూనె పోసే బెజ్జంలోంచి తినిపించింది. గరిటె జారి లోపల పడిపోయింది. మెతుకులు నూనెకి అడ్డుపడి, మర్నాడు ఇంజను బిగుసుకుపోయింది. ఇంజనుకి అన్నమేమిటంటావా? మొన్న ఫోనుకి పాలు తాగించింది ఎవరమ్మా?

ముత్యాలు గరిటె పట్టుకుని నాన్న దగ్గరికి పరిగెత్తింది. పైడయ్య చూసి నవ్వాడు.

"దొరికిందా? ఆ వేళ ఇంజను మూతికీ పరవాన్నమే, నీ మూతికీ పరవాన్నమే. సంగతేమిటో అది బిగుసుకున్నాక గాని నాకు తట్టలేదు."

"నీకు తెలుసా నాన్నా? మరి నూనె మరిచానని ఎందుకు చెప్పావు?"

"పసిపిల్లని ఊరంతా ఆడిపోసుకుంటే నేను వినగలనా అమ్మా."

ముత్యాలు అక్కడే కూర్చుని ఏడ్చింది.

ఆ తర్వాత తుప్పంతా గీకింది, అరిగినవి మార్చింది, ఇంజనుని మళ్ళీ చేల దగ్గరి బావికి బిగించింది, నూనె మాత్రం నాన్న చేత పోయించింది. ఇంజను టుకటుకమంది, నీళ్ళు దూకాయి. ఆ చప్పుడుకి జనమంతా వచ్చారు. అప్పుడు ముత్యాలు గరిటె పైకెత్తి, "మా నాన్న నూనె మరవలేదు. చిన్నప్పుడు అన్నం పెట్టి దీన్ని ఆపింది నేను" అని చెప్పింది.

'నూనె మరిచిన పైడయ్య' అని మొదట పేరు పెట్టిన ముసలాయనే ముందుకొచ్చి, "పైడయ్యా, రేపట్నుంచి దీన్ని నువ్వే నడపాలి" అన్నాడు. పైడయ్య నూనె చేతులు పంచెకి తుడుచుకుని, ముందు కూతురి కళ్ళు తుడిచాడు.

నీళ్ళు మడిలోకి, గరిటె గూట్లోకి,
కథ కంచికి, నువ్వు నిద్రలోకి.